దానయ్య మాట్లాడిన కేసెట్టు

మొన్న ఆదివారం అన్నాలు తిని చేతులు కడుక్కుంటుంటే గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే నలభై ఏళ్ళ మనిషి ఒకామె, చేతిలో గుడ్డసంచి, నుదుటి మీద అరసవల్లి గుళ్ళో పెట్టిన కుంకుమ, ఎండలో నడిచి వచ్చిన చెమట. "ప్లేట్ల బాబు గారి పాప మీరేనేటండి?" అని అడిగింది. అరవై దాటిన నన్ను పాప అని పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు కనుక నిజానికి మురిసిపోవాలి. నేను గేటు గడియ తీయకుండా పట్టుకుని నిలబడ్డాను. మా నాన్నను ప్లేట్ల బాబు అన్నది సముద్రం ఒడ్డు పల్లెల జాలర్లు మాత్రమే. ఆ పల్లెల నుంచి నన్ను వెతుక్కుంటూ ఎవరైనా వస్తే దేనికోసం వస్తారో నాకు తెలుసు. "నాను దానమ్మనండి. నూకమ్మ కూతుర్ని. మా అయ్య మాటాడిన టేపు మీ కాడ ఉన్నాదంట కదా, దానికోసం వచ్చీసినాను" అంది. మా పాత కొట్టు పక్కనున్న టీ బడ్డీవాణ్ణి అడిగి ఇల్లు పట్టుకుందట.

లోపలికి రమ్మని, ఫ్యాను వేసి, మంచినీళ్ళిచ్చి, టీ పెడతానని వంటింట్లోకి వచ్చాను. స్టవ్ వెలిగించకుండా గట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు వస్తారని తెలిసి కూడా ఒక్క మాట సిద్ధం చేసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు పాఠం చెప్పాను, నాలుగు పుస్తకాలు రాశాను, మాటలకు కొదవలేనిదాన్నని పేరు. ఆ గట్టు దగ్గర నిలబడి తలుచుకున్నదంతా ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. పెట్టినందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మా నాన్న కొట్టు శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద ఉండేది. ముందు రెండు మంచాలు పట్టేంత స్థలం, వెనక ఒక చీకటి గది. గ్రామఫోను రికార్డులు అమ్మేవాడు. మా వైపు వాటిని ప్లేట్లు అనేవాళ్ళం. తాతగారు పంచి ఇచ్చిన పల్లం భూమిని వదిలేసి ఆయన ఈ ప్లేట్లు తెచ్చుకున్నాడని మా పెదనాన్న బతికినన్నాళ్ళూ దెప్పాడు. "అందరూ గాదెలో ధాన్యం పోస్తారు. మావోడు పాటలు పోసీసినాడు. అవి ఎలకలు కూడా తినవు" అని పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో పదిమందిలో అని నవ్వించేవాడు. నాన్న కూడా నవ్వేవాడు. పెదనాన్న అన్నది అక్షరాలా నిజమని తేలడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

కొట్టు తియ్యడం ఒక తంతు. స్నానం చేసి, తడి ఆరకుండానే వెళ్ళి, గుమ్మం ముందు నీళ్ళు చల్లి, ముందుగా తలుపులు రెండూ బార్లా తెరిచి గాలి ఆడనిచ్చేవాడు. దేవుడి పటం ఉండేది గానీ అగరొత్తి వెలిగించనిచ్చేవాడు కాదు, పొగ ప్లేట్ల సన్నటి గాడుల్లో పేరుకుంటుందని. "ధూపం నేని కొట్టుకి ఏటి కలిసొస్తాది?" అని మా అమ్మ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన ప్రతిసారీ అనేది. ధూపం బదులు ఆ కొట్లో కలరా ఉండల వాసన, పాత అట్టల వాసన, టేపురికార్డరు తలకాయ తుడిచే స్పిరిట్ వాసన ఉండేవి. ఇప్పటికీ ఇంజక్షన్ చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు నర్సు దూది రాయగానే నాకు నాన్న చేతులు కనిపిస్తాయి. గోళ్ళు కురచగా కత్తిరించుకునేవాడు, ప్లేటు అంచులు మాత్రమే పట్టుకునేవాడు, మల్లు గుడ్డతో తుడిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు.

అమ్మకం మాత్రం ఆయనకు చేతకాలేదు. కొనడానికి వచ్చినవాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి ఒక పక్కంతా వినిపించేవాడు. మధ్యలో లేచినవాడికి ఇచ్చేవాడు కాదు. "ఇనడానికే తీరిక నేనోడికి ఇంటికెళ్ళి ఏటి ఇంటాడు?" అనేవాడు. పెళ్ళిళ్ళకు మైకుసెట్లు పెట్టేవాళ్ళు టోకున కొనే బేరగాళ్ళు. వాళ్ళను నెత్తిన పెట్టుకోవాల్సింది పోయి, "ముందు నీ ముల్లు సూపించు" అనేవాడు. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి ఉండేది ఆయన దగ్గర. వాళ్ళ యంత్రంలో ప్లేటు మీద ఆడే ముల్లు తెప్పించి, ఆ అద్దంతో చూసి, మొండిగా ఉంటే ప్లేటు ఇవ్వననేవాడు. మొద్దు ముల్లు పాటను కోసేస్తుందని ఆయన బాధ. వాళ్ళు తిట్టుకుంటూ విజయనగరం వెళ్ళి కొనుక్కునేవాళ్ళు.

తర్వాత కేసెట్లు వచ్చాయి. నాన్న వాటిని అయిష్టంగానే లోపలికి రానిచ్చాడు. నాకు ఇంటర్ అయింది, పై చదువుకు పంపాలా వద్దా అని ఇంట్లో తేల్చుకునే లోపు వెనక గది నా పాలయింది. సాలూరు లారీ డ్రైవర్లు చీటీ మీద పాటల వరస రాసి ఇచ్చి వెళ్ళేవాళ్ళు, రాయపూర్ వెళ్ళి వచ్చేసరికి ఖాళీ కేసెట్టు నింపి ఉంచాలి. నాకు రెండు యంత్రాలు, ఒకదాంట్లో పాడేది, ఒకదాంట్లో ఎక్కేది. వాటి ముఖాన చిన్న గాజు కిటికీల వెనక, చప్పుడు ఎంత ఎక్కుతోందో చూపే రెండు సూదులు ఊగుతుండేవి. ఎర్రగీత దాటకుండా చూసుకోవడమే పని. నెల తిరిగేసరికి నాకు పాట వినపడడం మానేసింది, సూదులు కనబడేవి. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు, తర్వాత జరిగినదానికి ఇదే మొదలు.

మాట కేసెట్లు ఎలా మొదలయ్యాయో చెప్పాలి. ఒడ్డు పల్లెల మగాళ్ళు అప్పుడప్పుడే గుజరాత్ రేవులకు వెళ్ళి అక్కడి పెద్ద బోట్ల మీద పనికి కుదురుతుండేవాళ్ళు. వానాకాలం సగం గడిచాక వెళితే ఎండలు ముదిరాకే రావడం. ఇంట్లో ఆడవాళ్ళకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఊళ్ళో చదువుకున్నవాడి చేత చదివించుకోవాలి, మొగుడు పెళ్ళానికి రాసిన మాట వీధంతా వినాలి. చేపలమ్ముకోవడానికి ఊళ్ళోకి వచ్చి, గంప దించుకుని మా అరుగు మీద సేదతీరే ఒక ముసలామె ఈ బాధ నాన్నతో చెప్పుకుంది. "మాటే పంపండి" అన్నాడు నాన్న. వెనక గదిలో కూర్చుని టేపులో మాట్లాడితే, ఆ కేసెట్టు రేవుకు వెళ్ళేవాళ్ళ చేత పంపవచ్చు. అక్కడ బోటు యజమానుల దగ్గర టేపురికార్డరు ఉండేది, అందులో విని, జవాబు మాట్లాడి తిరిగి పంపుతారు. కొద్ది నెలల్లోనే మా అరుగు నిండా చేపల గంపలు, వాటి చుట్టూ పిల్లులు.

ఇంటికొక కేసెట్టు. అదే వెళ్ళాలి, అదే రావాలి. మొగుడి మాట విన్నాక దాని మీదే పెళ్ళాం మాట ఎక్కుతుంది, అక్కడ ఆమె మాట మీద మళ్ళీ అతని మాట. "ఇనీసినాం కదా బాబూ, దాని మీదే ఎక్కించీ" అనేవాళ్ళు. విన్న మాటను దాచుకోవడమనేది వాళ్ళకు తట్టేది కాదు, మనిషి ఎలాగూ తిరిగి వస్తాడు కదా. నాన్నకు మాత్రం ప్రాణం ఒప్పేది కాదు. "మనిసి మాట మీద మనిసి మాట తొక్కకూడదమ్మా" అని నాతో అన్నాడు. అందుకని రేవు నుంచి వచ్చిన ప్రతి మాటనూ ముందు మా సొంత కేసెట్టు మీదకి ఎక్కించి, పేరు, ఊరు రాసిన చీటీ అంటించి, బల్ల కింద ఇనప్పెట్టెలో పెట్టమన్నాడు. వాళ్ళకు చెప్పేవాడు కాదు. పెట్టినవి మళ్ళీ తీసి వినేవాడూ కాదు. సాయంత్రం కొట్టు కట్టేముందు పెట్టె తెరిచి చీటీలు చూసుకుని మూసేవాడు. ఇంకో నియమం కూడా ఉండేది. వచ్చిన మాట వినిపించేటప్పుడు మీటలు నొక్కడానికి నేను పక్కన ఉండాలి. వాళ్ళు జవాబు మాట్లాడేటప్పుడు మాత్రం మీట నొక్కి బయటికి వచ్చి తలుపు వేసెయ్యాలి.

నూకమ్మది నా వయసే. పెళ్ళయిన మూడు నెలలకే మొగుడు దానయ్య మొదటిసారి గుజరాత్ వెళ్ళాడు. తొలిసారి గదిలో కూర్చున్నప్పుడు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఈ పెట్టెతో ఏటి మాటాడతాను పాపా? ఊఁ కొట్టదు, సూడదు" అని పది నిమిషాలు నవ్వింది. తలుపు వేసి బయటికి వచ్చాక మాటలు తెలియలేదు గానీ తిడుతున్న గొంతు వినిపించింది. బయటికి వచ్చి, "కడిగీసినాను" అంది సంతోషంగా. ఆమె గంపలోంచి నాకో గుప్పెడు ఎండు రొయ్యలు తీసి ఇచ్చింది. మా అమ్మ వాటిని వంకాయతో వండింది.

దానయ్య జవాబు రెండు నెలలకు వచ్చింది. ఆ రోజు నాన్న కొత్త సరుకు కోసం విజయనగరం వెళ్ళాడు. నేను నా స్నేహితురాలితో మ్యాట్నీకి వెళ్దామని మాట అనుకున్నాను. నాన్న లేని పూట దొరకడమే అరుదు. బయల్దేరడానికి ఇంకో గంట ఉందనగా నూకమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది, కేసెట్టు జాకెట్లో దాచుకుని. మీట నొక్కాను. ఆమె స్పీకరు గుడ్డ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. అయిపోగానే మళ్ళీ పెట్టమంది, పెట్టాను. రెండోసారి వింటున్నంతసేపూ నేను గోడ గడియారం చూస్తున్నాను. గుమ్మం దగ్గర స్నేహితురాలు చేత్తో రమ్మని సైగ చేస్తోంది. అయిపోయాక నూకమ్మ, "ఇప్పుడే మాటాడీస్తాను పాపా. రేపు పొద్దున మనిసెల్తన్నాడు, ఆడి సేత పంపీయాలి" అంది.

అతని మాటను ఎక్కించుకోవాలంటే అది మొత్తం ఇంకోసారి పాడాలి. ఇరవై నిమిషాలో, పాతికో. అంతే. ఆ పాతిక నిమిషాలు నా దగ్గర లేవనుకున్నాను. ఒక ఖాళీ కేసెట్టు తీసి, చీటీ మీద దానయ్య పేరు, ఊరు నా చక్కటి అక్షరాలతో రాసి అంటించి ఇనప్పెట్టెలో పెట్టేశాను, సాయంత్రం నాన్న చూసుకుంటాడని. అతని కేసెట్టు మీద ఆమె మాట్లాడడానికి మీట నొక్కి, బయటికి వచ్చి, తలుపు వేశాను. ఆమె లోపల ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ రోజు తిట్లు వినబడలేదు, అంతమాత్రం గుర్తు. ఆట మొదలయ్యే వేళకే హాల్లో ఉన్నాం. ఏ సినిమానో మర్చిపోయాను.

నెల గడవకముందే దానయ్య ఎక్కిన బోటు ఒడ్డుకు రాలేదని కబురొచ్చింది. మనిషి దొరకలేదు. కొన్నాళ్ళకు అతని రేకుపెట్టె వచ్చింది, అందులో రెండు చొక్కాలు, నూకమ్మ పంపిన కేసెట్టు. అది రేవు చేరేసరికే బోటు వెళ్ళిపోయి నాలుగు రోజులైందట. నూకమ్మ మా అరుగు మీద కూలబడి రాగం తీసి ఏడ్చింది, రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. ఏడుస్తూ ఒకటే మాట. "ఆడి మాట మీద నా నోటితో నానే తొక్కీసినాను బాబో." నాన్న మెట్టు దిగి ఆమె పక్కన కింద కూర్చున్నాడు. "నేదు తల్లీ, పోనేదు. నీ మొగుడి మాట నా పెట్టెలో బద్రంగా ఉన్నాది. నీ కడుపులో దుఃఖం కాస్త తగ్గాక రా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు ఇనిపిస్తాను" అన్నాడు. ఆమె ఏడుపు ఆగిపోయింది. నాన్న కాళ్ళు పట్టుకుంది. నేను లోపల స్పిరిట్ సీసా మూత బిగిస్తూ అలాగే నిలబడ్డాను.

ఆ సాయంత్రం నాన్న పెట్టె తీశాడు. చీటీ చూసి కేసెట్టు యంత్రంలో పెట్టాడు. సర్రుమని చప్పుడు, అంతకు మించి ఏమీ లేదు. తిరగేశాడు. రెండో పక్కా అదే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, "కరెంటు పోయింది నాన్నా, తర్వాత ఎక్కిద్దామనుకున్నాను" అన్నాను. ఆయన చీటీ మీద నా అక్షరాలు చూశాడు, నా ముఖం చూశాడు. ఒక్క దెబ్బ వేసి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకుని రోడ్డు మీదకి ఈడ్చి ఉంటే బాగుండేది. "ఇంటికెళ్ళు, అమ్మ సూస్తంటాది" అన్నాడు. ఆ తర్వాత ఈ విషయం మా ఇద్దరి మధ్య చాలా ఏళ్ళు రాలేదు.

నూకమ్మ మూడు నెలల పసిపిల్లను చంకనేసుకుని వచ్చింది. నాన్న తల వంచుకుని, "మిషను పాడైంది తల్లీ, బాగవ్వనీ" అన్నాడు. ప్లేటు అంచున గీత ఉంటే కొనేవాణ్ణి పిలిచి మరీ చెప్పిన మనిషి, నా కోసం అబద్ధం ఆడాడు. మళ్ళీ ఏడాదికి వచ్చింది, పిల్ల నడుస్తోంది. మిషను ఇంకా బాగవలేదు. ఆ తర్వాతేడు కూడా. కొట్లో మిగతా యంత్రాలన్నీ పాడుతూనే ఉన్నాయి, ఆమెకు వినబడలేదా? వినబడే ఉంటుంది. అయినా సరేనని తల ఊపి వెళ్ళేది. క్రమంగా నాన్న రోడ్డు మీద గంప నెత్తినున్న ఆడమనిషి కనబడితే చాలు వెనక గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. మాట కేసెట్లు మానేశాడు. అరుగు ఖాళీ అయింది, పిల్లులు కూడా రావడం మానేశాయి.

కొట్టు ఒక్కరోజులో మూతపడలేదు, పడి ఉంటే నయం. పక్కనే ఫోను బూత్ పెట్టారు, మాట పంపాల్సిన అవసరం తీరింది. కేసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అవీ పోయి, సెల్‌ఫోను చిప్పుల్లో వందల పాటలు ఒకేసారి ఎక్కించి ఇచ్చే రోజులొచ్చాయి. పాటలు వినకుండా అమ్మనన్న మనిషి కంప్యూటరు ముందు కూర్చుని, వినడానికి ఏడాది పట్టే పాటలను నాలుగు నిమిషాల్లో చిప్పులోకి పంపేవాడు. ఆఖరికి అదీ ఎవరికీ అక్కర్లేకపోయింది. ప్లేట్లు అడిగినవాడు ఒక్కడే, రోడ్డు పక్కన బిర్యానీ హోటలు పెట్టుకున్నవాడు. ఇప్పుడవి ఆ హోటలు గోడకు వరసగా మేకులతో కొట్టి ఉన్నాయి. మధ్యలో బెజ్జం ఉంది కనుక మేకు కొట్టడం సులువట. ఒకసారి మా ఉపాధ్యాయుల విందుకు వెళ్ళి, ఆ గోడకు వీపు పెట్టి కూర్చుని తినేసి వచ్చాను.

చివరి రోజుల్లో నాన్న ఆ ఖాళీ కేసెట్టును చిన్న టేపురికార్డరులో పెట్టుకుని, చెవికి ఆనించుకుని వినేవాడు. ఎందుకు నాన్నా అంటే, "ఒకోసారి అడుగున ఏదైనా ఉంటాదేమోనని" అన్నాడు. అందులో ఎప్పుడూ ఏమీ లేదని ఆయనకూ తెలుసు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నూకమ్మకి నువ్వే సెప్పు. నా వల్ల అవనేదు" అన్నాడు. పన్నెండేళ్ళయింది. వాళ్ళ ఊరికి బస్సులో గంట ప్రయాణం. అదే రోడ్డున శ్రీముఖలింగం వెళ్ళాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, సాహిత్య సభలకు వెళ్ళి నిజాయితీ గురించి ఉపన్యాసాలిచ్చాను. వాళ్ళ ఊరి బస్సు మాత్రం ఎక్కలేదు. నా సెల్‌ఫోను నిండా ఇప్పుడు మాటలే. బంధువులూ, పాత విద్యార్థులూ అర నిమిషం, నిమిషం మాట్లాడి పంపుతారు. సగం విని బొటనవేలితో తుడిచేస్తాను. అప్పుడు ఒక్క మాట నిలబెట్టడానికి నాకు పాతిక నిమిషాలు లేకపోయాయి, ఇప్పుడు నిలవడానికి ఏ శ్రమా అక్కర్లేని మాటల్లో దాచుకోవాలనిపించేది ఒకటీ లేదు.

టీ పట్టుకుని వచ్చి దానమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఆమె సంచిలోంచి కొత్త సెల్‌ఫోను తీసి పట్టుకుంది. "ఇందులోకి ఎక్కించీడానికి వచ్చీసినానండి. అమ్మకి ఎడం సెవి ఎప్పుడో పోనాది. కుడిది కూడా పోతన్నాదని డాక్టరు సెప్పీసినాడు. పూర్తిగా పోకముందు అయ్య మాట ఒక్కసారి ఇనిపించీయాలండి. నానైతే పుట్టి బుద్ధెరిగి ఇననేదు" అంది. ఇక దాచలేదు. మ్యాట్నీ సంగతి, ఖాళీ కేసెట్టు సంగతి, నాన్న నా కోసం ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె టీ మీద కడుతున్న మీగడను చూస్తూ ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టడానికి తగినన్ని మాటలు వాళ్ళ భాషలో ఉన్నాయి, నేను వాటికి సిద్ధపడే కూర్చున్నాను.

ఆమె తలెత్తి, "మరి మీరు ఇన్నారు కదండీ?" అంది. "రెండుసార్లు ఎట్టినానన్నారు. మా అయ్య ఏటన్నాడు? అమ్మనడిగితే సెప్పదు. 'నాను సెప్తే నా మాటవుతాది, ఆడి మాట ఆడి నోటే ఇను' అంటాది. ఇప్పుడింక ఆ నోరు నేదు. మీరైనా సెప్పండి." మనసులో ఆ వెనక గదిలోకి మళ్ళీ వెళ్ళాను. గోడ గడియారం ఉంది, గుమ్మంలో స్నేహితురాలి చెయ్యి ఉంది, ఊగుతున్న సూదులున్నాయి, స్పీకరు మీద నూకమ్మ అరచెయ్యి ఉంది. అతని గొంతు సన్ననో, బొంగురో కూడా తెలియదు. ఒక్క ముక్క వినలేదు నేను. "నా గురించి ఏదైనా అన్నాడేటండి?" అని అడిగింది దానమ్మ, మెల్లిగా. "అప్పటికి నాను కడుపులో ఉన్నాను కదా."

ఏమీ గుర్తు లేదమ్మా అనడానికి నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాక ఆ మాట రాలేదు. "అన్నాడమ్మా" అన్నాను. "ఆడపిల్లయినా మగపిల్లాడైనా నాకొకటే, నేనొచ్చేదాకా బిడ్డను జాగ్రత్తగా చూసుకో అన్నాడు." "మా మాటలో సెప్పండి, ఆయనన్నట్టే" అంది. చెప్పాను. "ఆడపిల్లయినా మగపిల్లడైనా నాకొకటేనే. నానొచ్చీవరకు బిడ్డ జాగర్త." తనలో తను రెండుసార్లు అనుకుంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వింది. అమ్మకు వినిపిస్తానని సెల్‌ఫోను నా నోటి దగ్గర పెట్టి మరోసారి చెప్పించుకుంది. అప్పటికి చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి, బస్సు వేళవుతోందని లేచింది. గేటు దగ్గర నా ఫోను నంబరు ఎక్కించుకుని, నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమె వెళ్ళాక నేను హాయిగా నిద్రపోయానని కూడా రాయాలి. పోనీలే, ఒక మంచిపని చేశాననుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. "అమ్మకి ఇనిపించినానండి" అంది దానమ్మ. గొంతు వేరేగా ఉంది. "కుడి సెవికి ఆనించి మూడుసార్లు ఎట్టినాను." ఏమందమ్మా అన్నాను. ఆమె వెనకాల అలల హోరు వినిపిస్తోంది. "అయ్య అలాగ అనుండడు అన్నాదండి. కడుపుతో ఉన్నానన్న సంగతి అమ్మ ఆ రోజే సెప్పిందంట, మీ గదిలో కూకుని, ఆ టేపులోనే. అది ఎల్లేసరికి అయ్య పోనాడు. ఈ మాట నాకు సెప్పడానికి నోరు రాక, ఎప్పుడడిగినా టేపులో ఇను టేపులో ఇను అని గడిపీసిందంట." నేను ఏదో అనబోయాను. "మీరు తెల్దని ఒక్క మాట సెప్పీసుంటే బాగుండును కదండీ" అంది. కోపంగా అనలేదు. "ఇన్నేళ్ళూ మా అయ్యకి నాను తెలుసనుకున్నాను."